బావ వెనుక సీటుకు మారిన శుక్రవారం

మరమగ్గాల ఊరు భివండిలో అక్కడక్కడా వేగపరిమితి బోర్డులు ఉన్నాయి. ధామన్కర్ నాకా గుంతల్లో, ఆటోల మధ్య, గుడ్డ తాన్లు నింపుకున్న టెంపోల వెనుక ఆ వేగాన్ని అందుకున్న మనిషిని మాత్రం నేనింతవరకు చూడలేదు. మా ఆయన ఆ బోర్డు కనబడగానే బండిని ఇంకాస్త నెమ్మది చేసేవాడు.

ఆయన నాకు మేనబావ. ఊళ్లోనే కనేరిలో మగ్గాల సామాన్ల దుకాణం నడుపుతాడు. మగ్గానికి షటిల్ కొనడానికి బైకు మీద వచ్చిన కుర్రాళ్లకు షటిల్‌తో పాటు ఉపదేశం కూడా చేతిలో పెట్టేవాడు.

"రోడ్డు మీద గంత తొందరున్నోడు కార్ఖానకు మాత్రం ఆలస్యంగనే వస్తడు. గట్లెందుకో చెప్పు? ఇంట్ల నీ కోసం ఎదురుచూసేటోళ్లు లేరా?"

వాళ్లు బుద్ధిగా తలూపి, బండి ఎక్కగానే దుకాణం నిండా దుమ్ము లేపి పోయేవాళ్లు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఆయన వెనుక కూర్చున్నాను. సైకిళ్లు మమ్మల్ని దాటిపోతుంటే చీర సర్దుకుంటున్నట్టు తల దించుకునేదాన్ని. పెళ్లికి ముందు మా అన్న రంగుల కార్ఖానా వెనుక మైదానంలో నాకు బైకు నేర్పాడు. ఆ సంగతి ఎప్పుడైనా ఎత్తితే బావ, "అప్పుడు చిన్నపిల్లవు" అని కొట్టిపారేసేవాడు.

ఒకరోజు దుకాణంలో బరువైన మోటారు దించుతుంటే ఆయన కుడి మణికట్టు విరిగింది. పట్టీ వేశారు. ఆ వారమే షహాపూర్‌లో ఉండే మా ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయాలి. అన్నగా బావ వెళ్లకపోతే ఆమె ఊరుకోదు. శుక్రవారం, కార్ఖానాలకు సెలవు. బియ్యం సంచి, చీర, కుడకలు పట్టుకుని బస్టాండులో నిలబడ్డాం. బస్సులు తలుపుల దాకా జనంతో వచ్చి, ఆగినట్టే ఆగి పోయాయి.

"నేను నడుపుత బావా" అన్నాను.

"హైవే అది. మైదానం గాదు."

"మరి చెల్లెకు ఫోన్ చేసి చెప్పు, రాలేనని."

ఆయన పట్టీ వైపు చూసుకుని, ఇంటికి నడిచి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. బియ్యం సంచి మా మధ్యన కూర్చుంది.

ఊరు దాటేదాకా వెనుక నుంచి ఆజ్ఞలు ఆగలేదు. గేరు మార్చు, హారన్ కొట్టు, ఆ ఆటోవాన్ని పోనియ్యి. హైవే ఎక్కాక మాటలు తగ్గాయి. వానాకాలం అప్పుడే ముగిసింది, రోడ్డు కడిగినట్టుగా ఉంది. ఒక కుర్రాడు పక్కకు వచ్చి, చీర కట్టుకుని బండి నడిపే నన్ను చూసి నవ్వి, ముందుకు దూసుకుపోయాడు. నా చెయ్యి నన్నడగకుండానే తిరిగింది. ముల్లు అరవై దాటింది, డెబ్బై దాటింది. వెనుక నుంచి ఉపదేశం ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని చెవులు రిక్కించాను. ఆయన ముందుకు వంగాడు.

"ఆ లారీ వెనుక ఏం జేస్తున్నవే? దాటిపో."

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను.

"ఏంది?"

"రోడ్డు ఖాళీగ ఉన్నది. దాటు."

దాటాను. ఇంకోటి కూడా దాటాను. ముల్లు తొంభై దగ్గర వణుకుతోంది. అంత సంతోషం నాకు ఎన్నో ఏళ్లుగా లేదు, ఆ మాట దాచుకోవలసిన పని లేదు. పడఘా ఊరు దాటాక ముందున్న ట్రక్కు ఉన్నట్టుండి ఆగింది. రెండు బ్రేకులూ నొక్కాను. వెనుక చక్రం పక్కకు జారింది, బియ్యం సంచి నా వీపును గుద్దింది, ఆయన హెల్మెట్ నా హెల్మెట్‌కు కొట్టుకుంది. బండి రోడ్డు అంచున మట్టిలో నిలబడింది. ట్రక్కు వెనుక రేకు నేను చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

ఆయన ఎడమచేత్తో సంచి తడిమి, "బియ్యం ఒలకలేదు" అన్నాడు.

అక్కడి నుంచి ఎద్దుబండిలా పోతుంటే పోలీసులు ఆపారు. వెనుక ఎక్కడో మిషను మా వేగం పట్టుకుందట. నడిపింది నేను. తాళంచెవి నా చేతిలో ఉంది. పోలీసాయన నన్ను దాటి, చేతికి పట్టీతో వెనుక కూర్చున్న మనిషి ముందు నిలబడ్డాడు.

"కాకా, ఎవ్‌ఢీ కసలీ ఘాయీ?"

అంత తొందరేమిటని అడిగి, పోలీసాయన మరాఠీలో ఉపదేశం మొదలుపెట్టాడు. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరా అన్నాడు. ఈ వయసులో ఈ వేగమేమిటన్నాడు. మా దుకాణంలో నేను రోజూ వినే మాటలే, కాకపోతే టోపీ పెట్టుకుని ఉన్నాయి. బావ బుద్ధిగా తలూపుతున్నాడు. ఇక నా పేరు చెబుతాడు, నేనెంత చెప్పినా వినలేదంటాడు అనుకున్నాను.

"సాబ్, రస్తా ఖాలీ థా" అన్నాడు బావ. రోడ్డు ఖాళీ అని నాతో అన్న మాటే, హిందీలో.

పోలీసాయనకు కూడా నవ్వొచ్చింది. జరిమానా మాత్రం వదల్లేదు.

షహాపూర్‌లో ఒడిబియ్యం పోసి, భోజనాల దగ్గర బావ అందరితో, "నలభై దాటనియ్యలే నేను" అని చెప్పాడు. ఆడబిడ్డ నా వైపు చూసింది. నేను పప్పు వడ్డించుకున్నాను.

పట్టీ విప్పి చాలా రోజులైంది. చెయ్యి బాగుందని డాక్టరు చెప్పాడు. బావ ఆ చేత్తోనే దుకాణం షట్టరు ఎత్తుతాడు, మోటార్లు దించుతాడు. శుక్రవారం రాగానే మాత్రం, "ఇంకా గుంజుతున్నదే" అని తాళంచెవి నా ముందు పెడతాడు. హైవే మీద చాయ్ తాగి తిరిగొస్తాం.

నేనిప్పుడు యాభై దాటను. కళ్లు మూస్తే ఆ ట్రక్కు రేకే కనబడుతుంది. బావకు ఇది నచ్చదు.

"గింత భయమైతే ఎట్లనే?" అన్నాడు మొన్న. అప్పుడే కూరగాయల గంపతో ఒక ముసలాయన మోపెడ్ మీద మమ్మల్ని దాటిపోయాడు. బావ ఆయన కనుమరుగయ్యేదాకా మెడ సాచి చూశాడు. వెనుక కూర్చుంటే ధైర్యం ఎంత సులువో ఇరవై ఏళ్లు అక్కడ కూర్చున్న నాకు తెలుసు కాబట్టి, ముల్లు యాభై దాటకుండా చూసుకుంటూ పోయాను.