ఉన్నదాన్ని లేదనే ఉద్యోగం

పెద్దకోడలు బతికున్న రోజుల్లో ఎవరైనా తనను మంచిదంటే ఒప్పుకునేది కాదు. "నా కడుపుమంట సంగతి మీకేం తెలుసు? దానిమీద ఇంటిల్లిపాదికీ వంట చేయొచ్చు" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ మంట చాలావరకు తోడికోడలి మీదే.

ఆవిడ పనిచేసే కంపెనీ ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే యంత్రాలు తయారుచేసేది. ఆ యంత్రాల్లో అన్ని ప్రోగ్రాములకూ మెమొరీని, సమయాన్ని పంచిపెట్టే మూల ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. కెర్నెల్ అంటారు. దాన్ని కావాలని ఇబ్బంది పెట్టడమే పెద్దకోడలి పని. ఏదో ఒక ప్రోగ్రాము వచ్చి కాస్త మెమొరీ ఇమ్మంటుంది. మెమొరీ బోలెడంత ఉంటుంది. అయినా లేదనిపించాలి. లేదన్నప్పుడు కెర్నెల్ తట్టుకుని నిలబడుతుందా, బోర్లా పడుతుందా చూడాలి. రోగి పక్కన పడేకంటే తన బల్ల మీద పడితేనే నయమని ఆవిడ లెక్క. ఆఫీసులో ఆవిడకు 'లేదమ్మ' అని పేరు పడిపోయింది.

అత్తగారికి ఈ ఉద్యోగం ఎన్నిసార్లు విన్నా వింతే. "ఉన్నదాన్ని లేదని చెప్పడానికి జీతమిస్తారటే? మీ మామయ్య సిగరెట్ల దగ్గర పెళ్ళైన నాటి నుంచీ నేను ఊరికే చేస్తున్నాను!"

చిన్నకోడలు ఆ ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు అదే కంపెనీలో చేరింది. సిఫారసు చేసింది పెద్దకోడలే. "మా చెల్లెలు" అని అందరికీ చెప్పి, చేయి పట్టుకుని తీసుకెళ్ళి పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. చూస్తూ ఉండగానే మేనేజరు ఆ పక్క కుర్చీ వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు.

గొడవంతా వేగం దగ్గర వచ్చింది. పెద్దకోడలు ఏళ్ళ క్రితం రాసిన పద్ధతిలో, మెమొరీ కోసం ఎవరు వచ్చినా కెర్నెల్ ముందు ఆగి, "ఇప్పుడు లేదనమంటారా?" అని ఆవిడ కోడ్‌ను ఒకసారి అడుగుతుంది. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు "వద్దు, ఇచ్చెయ్" అనే జవాబు వస్తుంది. పరీక్షలేమీ జరగనప్పుడు కూడా ఆ అడగడం ఆగదు. అడగడానికి పట్టేది రవ్వంత సమయమే కానీ, క్షణానికి వేలసార్లు అడిగితే ఆ రవ్వలన్నీ కలిసి యంత్రాన్ని నెమ్మదింపజేశాయి. కొత్త యంత్రంలో తెర మీద గుండె గీత తడబడుతోందని ఫిర్యాదు వచ్చింది.

"మన ఇబ్బందులే అసలు ఇబ్బందయ్యాయి. దీన్ని తేలిక చేయండి, లేదా తీసేయండి" అన్నాడు మేనేజరు. ఆ పని చిన్నకోడలికి అప్పగించాడు.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. తను కన్నబిడ్డకు పక్కింటావిడ చేత జుట్టు కత్తిరింపించినట్టయింది.

చిన్నకోడలు చేసిన పని, పాపం, నిజంగానే బాగుంది. అడిగే చోట అడగడం తీసేసి, 'ఏమీ చేయకు' అనే ఖాళీ ఆదేశం ఒకటి పెట్టింది. పరీక్ష మొదలైనప్పుడు మాత్రం, నడుస్తున్న కెర్నెల్‌లోనే ఆ ఖాళీ మీద 'వెళ్ళి అడుగు' అని తిరగరాస్తుంది. పరీక్ష అవగానే మళ్ళీ ఖాళీ. వేగం కొలిస్తే ఆ ఏర్పాటు ఉన్నా లేకున్నా తేడా కంటికి ఆనలేదు. పాత పరీక్షలన్నీ నడిపితే అన్నీ పచ్చగా పాసయ్యాయి. మేనేజరు ఆమెను ఆకాశానికెత్తాడు. ఆ రోజు సాయంత్రం ఇంట్లోనూ అదే కథ.

"చిన్నదాని బుర్రే బుర్ర," అన్నారు మామగారు టీ తాగుతూ. "టీ కూడా అలాగే పెడుతుంది."

"టీ పెట్టింది నేను మామయ్యా," అంది పెద్దకోడలు.

"అవునా? అందుకే కాస్త చక్కెర తగ్గింది."

చిన్నకోడలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు కూడా బాగుంటుంది, అదొక బాధ.

అన్నీ పచ్చగా రావడమే పెద్దకోడలికి మింగుడుపడలేదు. మర్నాడు, ఎప్పుడో నయం చేసిన ఒక పాత తప్పును తన యంత్రంలో కావాలనే వెనక్కి తెచ్చి పెట్టింది. దాన్ని పట్టుకోవడానికే రాసిన పరీక్షను కొత్త పద్ధతిలో నడిపింది. తప్పు ఎదురుగా ఉండగానే పాసైంది.

ఎందుకో ఆవిడకు వెంటనే తెలిసిపోయింది. ఆవిడ పరీక్షలన్నీ వరుస లెక్క మీద నడుస్తాయి: యంత్రం వెలిగినప్పటి నుంచి మెమొరీ కోసం వచ్చే ఇన్నో అభ్యర్థనకు లేదను, అని. పాత పద్ధతిలో అడిగిన ప్రతిసారీ లెక్క పెరిగేది. ఇప్పుడు అడగడమే లేదు కనుక లెక్కా లేదు. పరీక్ష మొదలయ్యాకే ఒకటి నుంచి మొదలవుతుంది. లేదనే మాట ఎక్కడో సంబంధంలేని చోట పడుతోంది. అసలు చోటును ఎవరూ ముట్టుకోవడమే లేదు.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. బుగ్గన పెట్టుకున్న బెల్లంముక్కలా మెల్లగా చప్పరిస్తూ తిరిగింది. మీటింగుకు ముందురోజు వంటింట్లో చిన్నకోడలే అడిగింది.

"అక్కా, రేపటిలోగా నా కోడ్ ఒక్కసారి చూస్తారా? ఏదో మర్చిపోయానని అనుమానంగా ఉంది."

"నేను చూసేంతటిదాన్నా?"

"అదేంటక్కా, అసలు మీదే కదా అది!"

"నాది నెమ్మది కోడ్ కదమ్మా. నీ వేగం నా కళ్ళకు ఆనదులే," అని ఉల్లిపాయలు చకచకా తరిగేసింది. చిన్నకోడలు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. వెళ్ళాక పెద్దకోడలికి కళ్ళు మండాయి. ఉల్లిపాయలవల్లే అనుకుంది.

మర్నాడు మీటింగులో, చిన్నకోడలు అంతా చెప్పి కూర్చున్నాక, "నాకొక చిన్న సందేహం," అంటూ లేచింది పెద్దకోడలు. పాత తప్పును పెట్టి చూపించింది, పరీక్ష పాసవడం చూపించింది. చిన్నకోడలి చెవులు ఎర్రబడ్డాయి. పెద్దకోడలి కడుపు చల్లబడింది. ఆ చల్లదనం మేనేజరు నోరు తెరిచేవరకే నిలిచింది.

"సరే. పాతది వేగం తినేస్తోంది, కొత్తది దొంగ పాసులిస్తోంది. రెండూ వద్దు. కెర్నెల్‌లోంచి ఈ ఏర్పాటే తీసేద్దాం. పరీక్షలేవో బయటినుంచే చేసుకుందాం."

పెద్దకోడలు కోరుకున్నది ఇది కాదు. బయటినుంచి చేసే పరీక్షకు లోపలి తప్పులు దొరకవు. ఇన్నేళ్ళ తన పని, తన పేరు, అన్నీ ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోతున్నాయి. ఇక ఎవరో ఒక రోగి పక్కనే యంత్రం మొదటిసారి పడుతుంది.

"అలా ఎలా తీసేస్తారండీ?" అని గట్టిగా వినిపించిన గొంతు తనదేనని ఆవిడకు కాస్త ఆలస్యంగా తెలిసింది. "మా చెల్లెలు చేసిన పద్ధతే సరైంది. ఇంతకన్నా తేలిగ్గా ఎవరూ చేయలేరు, నేనూ చేయలేను. తప్పు నా లెక్కలో ఉంది. యంత్రం వెలిగినప్పటి నుంచి లెక్కపెట్టాను, పరీక్ష మొదలైన దగ్గర్నుంచి పెట్టాల్సింది. అది మార్చుకుంటాం. కాస్త గడువివ్వండి."

కళ్ళలో నిప్పులు పోసుకున్నావిడే అంత మెచ్చుకోలు తన నోటితో తనే చెప్పాల్సి వచ్చింది. అందులో ఒక్క ముక్కా అబద్ధం కాకపోవడం ఇంకా ఘోరం.

మేనేజరు నెల రోజులిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, నయమైన తప్పుల్ని ఒక్కొక్కటే బతికించి, ఏ అభ్యర్థన దగ్గర లేదంటే కెర్నెల్ పడుతుందో కొత్తగా వెతికారు. చిన్నకోడలి వేళ్ళు కీబోర్డు మీద పరుగులు పెడుతుంటే పెద్దకోడలు ఓరకంట చూసేది. "మెల్లగా కొట్టు, అది మీ అత్తగారి నెత్తి కాదు" అనేది. "మీకూ ఆవిడే కదా అత్తగారు" అనేది చిన్నది. మీటింగు ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

చివరికి పాత అడిగే కోడ్ ఒక్కటే మిగిలింది. దానితో ఇక పనిలేదు.

"మీరే తీయండక్కా. నాకు చేతులు రావట్లేదు."

ఇక్కడ కూడా మంచిదనిపించుకునే వంతు దానిదే అయింది, అనుకుంది పెద్దకోడలు. "చేతులు రాకపోతే జీతమెందుకే?" అని, మరోసారి చదవకుండా తన చేత్తోనే చెరిపేసింది. చిన్నకోడలు ఆ కాసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాత అన్నిటికన్నా మొండి తప్పును పెట్టి పరీక్ష నడిపారు. వేగం తగ్గలేదు. కెర్నెల్ పడాల్సిన చోటే బోర్లా పడింది, తెరంతా ఎర్రబడింది.

"పడింది!"

ఆ కేకకు పక్క గదుల్లోంచి జనం పరిగెత్తుకొచ్చారు. ముందు అరిచింది ఎవరన్నది ఆ ఇంట్లో చాలాకాలం తేలలేదు. భోజనాల దగ్గర, బట్టలు మడతపెట్టేటప్పుడు, ఆఖరికి ఆసుపత్రి మంచం మీద కూడా పెద్దకోడలు "నేనే" అనేది, చిన్నకోడలు "కాదు, నేను" అనేది.

ఇప్పుడు ఎవరడిగినా చిన్నకోడలు ఒకటే చెబుతుంది. "ముందు అరిచింది అక్కే."