మక్తల్ బంగళా టేకు పట్టీలు

తెలంగాణ వచ్చిన మూడో వేసవిలో నేను మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ భవనాల డిప్యూటీ ఇంజినీరుగా ఉన్నాను. మక్తల్ దగ్గరి నిజాం కాలపు అతిథి బంగళా మరమ్మతు నా చేతికి వచ్చింది. అయిదు గదుల్లోనూ గోడల అడుగున చుట్టూ జానెడు ఎత్తున చెక్కపట్టీ ఉంది. ఏళ్ల తరబడి పూసిన ఎనామిల్ కింద అది ఏ చెక్కో కూడా తెలియడం లేదు. దాన్ని పీకేసి టైల్స్ వేయాలని అంచనా పత్రంలో రాసి ఉంది.

అరవై దాటిన వడ్రంగి బ్రహ్మయ్య చారి ఒక మూల ఉలితో గీకి వాసన చూశాడు. "టేకు మేడం. గిసొంటిది మళ్ల దొరకది" అన్నాడు. నేను వెళ్లి మా పై అధికారి ఈఈ గారితో వాదించాను. ఆయన ఒక్క గదికి వారం గడువిచ్చారు. చెక్క బాగా తేలకపోతే మొత్తం పీకేయాల్సిందే.

పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఒంట్లోకి పోతుంది. అందుకని చారి తడిపి, గాజుపెంకుతో చెక్క గీతల వెంట గీకేవాడు. రోజంతా గీకితే రెండు మూరలు. మూడో రోజుకు నా ఓపిక అయిపోయి, ఆ గదిలో మిగిలిన పట్టీకంతా కాస్టిక్ సోడా పూయమన్నాను. "టేకుకు అది పడది మేడం, నల్లగైతది" అన్నాడు. వినలేదు. గంటలో రంగు ఊడింది, నిజమే. కింద చెక్క బొగ్గులా నల్లబడింది. సిగ్గుతో ఆ పూట నాకు అన్నం సహించలేదు.

చారి నన్ను ఒక్క మాట దెప్పలేదు. "ఇత్తడి బిందె నల్లవడితే ఏం జేస్తరు మేడం? జర చింతపండు తెప్పియ్యుండ్రి" అన్నాడు. క్షారాన్ని పులుపు విరుస్తుందని కాలేజీలో చదువుకున్నది నేను! వడగట్టిన పులుసు పూసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ పూశాం. రెండో పూతకు నలుపు విరిగింది. మూడో పూతకు తేనెరంగు టేకు బయటపడింది.

వారం చివర ఈఈ గారు వచ్చారు. ప్యాంటు ఇస్త్రీ నలగనివ్వని మనిషి, నేల మీద మోకాళ్లూని పట్టీని చేత్తో నిమిరారు. "గిసొంటి చెక్కనా మనం పీకేద్దామన్నది?" అని, పెన్ను తీసి టైల్స్ అన్న వరుసను అడ్డంగా కొట్టేశారు. దాచడమెందుకు, నాకు ఎగిరి గంతేయాలనిపించింది. చారి మాత్రం "ఇంక నాలుగు రూములున్నయి సార్" అంటూ గాజుపెంకు అందుకున్నాడు.

రిటైరయ్యే దాకా ఏ మందునైనా ముందు తలుపు చాటున జానెడు చెక్క మీద పూయించి, మర్నాడు చూశాకే గదిలో వాడనిచ్చాను. వడ్రంగి వద్దన్నాడంటే ఆ జానెడు కూడా పూయించలేదు.