అవ్వ గొంతు వెనక సాక్సఫోను

ఏడో తరగతిలో లెక్కల అయ్యవారూ నేనూ ఒకరినొకరు వదిలించుకున్నాక, పుంగనూరు బ్యాండుసెట్టులో సైడు డ్రమ్ము వాయించడానికి చేరాను. డ్రమ్ముకు కూడా లెక్క కావాలని చేరాక తెలిసింది.

మా మాస్టరుది సాక్సఫోను. వయసులో ఉన్నప్పుడు బెంగుళూరులో ఒక క్లబ్బు బ్యాండులో పనిచేసి, మూడు గ్రామఫోను ప్లేట్లనూ జాజ్ పిచ్చినీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ప్లేట్లలో వాయించిన అమెరికా నల్లవాళ్ల సంగతులన్నీ ఆయనకు నోటికొచ్చు. ఎవరు తాగి పోయారు, ఎవరు సూదిమందుకు చిక్కారు, ఎవరికి వయసు మీరకముందే ఊపిరి ఆగింది, అన్నీ మేనమామల కష్టాలు చెప్పినట్టు చెప్పేవాడు.

"వాళ్లూ మన మాదిరే రేయ్. మొదట్లో ఈదుల్లో, సావుల కాడ వాయించినోళ్లే."

"మరి వాళ్లకు పేరొచ్చె, మనకు పులిహోర వచ్చె. యాల మాస్టరూ?"

"ప్లేటు రా. ప్లేటెక్కినోడు సచ్చినా వాయిస్తానే ఉంటాడు. అందరికన్నా ముందు వాయించినాయన ఒకడుండె. ఊదితే ఊరవతలికి ఇనపడేదంట. ఒక్క ప్లేటు ల్యా. యెట్ల వాయించినాడో ఇప్పుడెవురికీ తెల్దు."

ఆ దిగులు ఆయనకు ఊరికే రాలేదు. సాక్సఫోను పీకను పై పళ్లతో అదిమిపట్టాలి. ఆయన చిగుళ్లు పాడయ్యాయి. పళ్లన్నీ తీసెయ్యాల్సిందేనని మదనపల్లె పళ్ల డాక్టరు చెప్పేశాడు. తీసేలోపల ఒక్కసారి తన వాయింపు ఎక్కడన్నా ఎక్కించుకోవాలని ఆయన ఆశ.

"కట్టుడు పళ్లతో వాయించినోళ్లు కూడా ఉండారంట రా."

"వాళ్లవి అమెరికా పళ్లు మాస్టరూ. మనవి బస్టాండు పళ్లు."

అప్పుడే కుప్పంలో ఒక పెండ్లి ఒప్పుకున్నాం. పెండ్లికూతురి తమ్ముడు కువైటులో ఉన్నాడు. పెండ్లికి రాలేక టేపురికార్డరు, ఒక క్యాసెట్టు పంపించాడు. పెండ్లిని దాంట్లో ఎక్కించి తిరిగి పంపాలి. మాస్టరు పోయి పెండ్లికూతురి అన్నను బతిమాలాడు.

"దానికేమప్పా, వాయించుకో. టేపు తిరగతానే ఉంటాది కదా," అన్నాడాయన.

ముహూర్తానికి ముందు మిగతా బ్యాండువాళ్లు కాఫీలకు లేచినప్పుడు మాస్టరు మొదలుపెట్టాడు. జాజ్‌లో డ్రమ్మును కర్రలతో కొట్టకూడదట, నిమరాలట. నాకు చీపురుపుల్లల కట్ట ఇచ్చాడు. నేను డ్రమ్ము చిమ్ముతున్నాననుకుని ఒకామె కాళ్లు పక్కకు తీసుకుంది. ఆయన మాత్రం కళ్లు మూసుకున్నాడు. అన్నేళ్లు ఆయన పక్కన నిలబడ్డాను గానీ ఆ సాక్సఫోనులో అంత ఉందని నాకు ఆరోజే తెలిసింది. నవ్వులాట మరిచిపోయి నిమిరాను.

ఇంతలో ఎవరో చెప్పినట్టున్నారు, టేపు కువైటుకు పోతుందని. చుట్టాలందరూ టేపురికార్డరు మైకు చుట్టూ మూగారు.

"అబ్బోడా, మన ఆవు ఈనింది రా. కోడెదూడ!"

"అల్లుడూ, వాచీ మర్సిపోవద్దు!"

పెండ్లికూతురి అవ్వ మైకును రెండు చేతులా పట్టుకుంది. "నాయనా, ఇనపడతాందా? తింటాండావా?" అంటూ ఏడుపు అందుకుంది. పెదనాయన ఒకాయన మా వైపు తిరిగి అరిచాడు: "ఎవుర్రా ఆడ పీపీ? అవ్వ మాట్లాడతాండేది సూడల్యా? ఆపండ్రా!"

మాస్టరు ఆపలేదు. అవ్వకు అడ్డం రాకుండా మెల్లగా, చివరిదాకా వాయించాడు.

సాయంత్రం అందరూ కూర్చుని టేపు విన్నారు. ఆవు బాగా వినిపించింది. వాచీ బాగా వినిపించింది. పెదనాయన అరుపు అన్నిటికన్నా బాగా వినిపించింది. సాక్సఫోను పక్కూళ్లో ఎవరి పెండ్లిదో అన్నట్టుంది. అవ్వ ఏడుపు దగ్గర ఆడవాళ్లందరూ ఏడ్చారు.

"ఇంకొక టేపు ఉందా అప్పా?" అని పెండ్లికూతురి అన్నను అడిగాడు మాస్టరు.

"ఒకటే పంపినాడు."

ఆ నెలలోనే పళ్లు తీయించుకున్నాడు. కట్టుడు పళ్లతో ఊదితే అన్నం ఉడుకుతున్న సత్తుగిన్నె మూత చప్పుడొచ్చింది. ఆ మాట పైకే అన్నాను. ఆయన నవ్వలేదు. మరి నాకూ నవ్వు రాలేదు.

కొన్నేళ్లకు కువైటు తమ్ముడు సెలవు మీద వచ్చి, వాళ్లన్నతో పాటు పుంగనూరు సంతలో కనిపించాడు. టేపు సంగతి అడిగాను.

"అవ్వ పోయినాక దాన్నే ఇంటాంటిమి. అరిగి తెగిపోయె. అంతకుముందే మా రూములో మెకానిక్కు ఒకడు అవ్వ మాట్లాడింది మటుకు ఇంకొక క్యాసెట్టుకు ఎక్కించినాడు. యెనక ఏందో గొణుగుడు ఉండె కదా, మిషన్లో పెట్టి అది తగ్గించేసినాడు. సూడాల నువ్వు, అవ్వ పక్కన కూసోని మాట్లాడినట్లే ఉంటాది!"

మాస్టరుకు ఆ అబ్బాయి వచ్చాడని ముందే తెలిసింది. నన్ను చూడగానే, "టేపు తెచ్చినాడా?" అని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

వక్క నలిపే చిన్న రోలు దగ్గరికి లాక్కున్నాడు. కట్టుడు పళ్లతో వక్క కొరకలేడు కాబట్టి నలిపే వేసుకోవాలి.

"అవ్వ గొంతు బాగా ఇనపడతాందంటనా?"

"బాగా ఇనపడతాందంట మాస్టరూ."

"సరే."

ఆ పొద్దు కురబలకోటలో పెండ్లి ఉంది. ఆయన బ్యాండు కోటు తొడుక్కుని, ఇత్తడి తాళాలు తీసుకుని మా వెనక నడిచాడు. సెట్టులో నోటితో పనిలేకుండా ఆయనకు మిగిలింది అదొక్కటే.