ఉప్పునీటి తొట్టిలో జానెడు ఇసక

పోయిన వారం పటమటలో మందుల షాపుకని వెళ్లి, పక్కనే కొత్తగా పెట్టిన రంగుచేపల దుకాణం ముందు నిలబడిపోయాను. లోపల ఒక తొట్టి మూత తీసి ఉంది. తడి ఇసక, ఉప్పు, కాస్త పాచి కలిసిన వాసన గుమ్మం దాకా వచ్చింది. ఆ వాసనకు చాలామందికి సముద్రం గుర్తుకొస్తుందేమో. నాకు మాత్రం సలోమి గారు గుర్తుకొస్తారు.

డెబ్బైల్లో విజయవాడలోని ఒక ఆడపిల్లల కాలేజీలో ఆవిడ జువాలజీ హెడ్డు. నేను ఇరవై రెండేళ్ల వయసులో, ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చి పోతూ, ఆవిడ దగ్గర డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. ఆవిడకు యాభై దాటాయి. పొట్టి మనిషి, ఎప్పుడూ సన్నంచు మంగళగిరి చీర. చర్చిలో పాటలు పాడించే గొంతు కావడంతో ల్యాబులో ఏ మూల నుంచి పిలిచినా పలకక తప్పేది కాదు. ఆ ల్యాబులో కిటికీకి ఎడంగా నాలుగడుగుల గాజు తొట్టి ఉండేది. అందులో బందరు తీరం నుంచి ఆవిడ స్వయంగా తెచ్చుకున్న చిన్న చారల చేపలు, ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలు, రాయికి అతుక్కుని పువ్వులా విచ్చుకునే ఒక సముద్రజీవి. దాన్ని పిల్లలంతా సముద్రపు పువ్వు అనేవారు. సీసాల్లో ఫార్మలిన్‌లో నానినవి తప్ప మరేవీ చూడని పిల్లలకు ప్రాణమున్నవాటిని చూపించాలని ఆవిడ పట్టుదల.

తొట్టి పెట్టి మూడేళ్లయింది. అయితే దాని అడుగు వట్టి గాజు, పైన నాలుగు రాళ్లు. మిగిలిన తిండి, చేపల మలినం కుళ్లి, నెల తిరక్కుండానే నీళ్లు పసుపెక్కేవి. బందరు బస్సు టాపు మీద డబ్బాలతో సముద్రపు నీళ్లు తెచ్చి మారుస్తూ ఉండేవాళ్లం. ఆ ఏడు సంక్రాంతి సెలవులయ్యాక ప్రిన్సిపాల్ గారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, "వేసవి సెలవులయ్యి కాలేజీ మళ్లీ తెరిచేసరికి ఈ వాసన ఇలాగే ఉంటే తొట్టి తీయించేస్తానండీ" అన్నారు. సలోమి గారు వాదించలేదు. ఆ శనివారమే నన్ను వెంటబెట్టుకుని బందరు బయల్దేరారు.

ఆటు సమయంలో తీరాన మోకాళ్ల మీద కూర్చుని ఆవిడ చేత్తో ఇసక తవ్వారు. పైన తెల్లగా ఉంది. జానెడు లోతుకు పోయేసరికి నల్లగా మారి, కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. వలలు బాగుచేసుకుంటున్న వెంకాయమ్మ అనే ఆవిడ మమ్మల్ని చూసి నవ్వింది.

"ఆ నల్లిసక కదపమాకండమ్మా. దాని జోలికి పోకపోతే అదేం చేయదు" అంది.

సలోమి గారు లేచి చేతులు దులుపుకోలేదు. అరచేతిలో మెలికలు తిరుగుతున్న సన్నటి పురుగుల్ని నాకు చూపించారు. "ఇంత సముద్రంలో రోజూ ఎన్ని చస్తున్నాయి సుశీలా. ఎవరు ఊడుస్తున్నారు? ఈ పురుగులు, ఈ ఇసకలో మన కంటికి కనబడనివి. మనం నీళ్లు మోసుకెళ్తున్నాం గానీ, శుభ్రం చేసేవాళ్లను ఇక్కడే వదిలేస్తున్నాం."

నడుస్తున్న తొట్టిలో ఇసక పోస్తే జీవులు బతకవని తోటి లెక్చరర్లు అన్నారు. ఒక్కసారిగా పోస్తే బతకవు, అదెవరికైనా తెలుసన్నారు ఆవిడ. అడుగును నాలుగు భాగాలు చేసి, వారానికొక భాగం చొప్పున పోయాలి. ఇసకను కుళాయి నీళ్లతో కాక సముద్రపు నీళ్లతోనే, నీళ్లు తేటపడేదాకా కడగాలి. వెడల్పాటి గొట్టం అడుగుదాకా దించి, అందులోంచి మెల్లగా జార్చాలి. అన్నిటికీ చివర, పురుగులున్న తాజా ఇసక పైన నాలుగు గుప్పిళ్లు. మొదటి రెండు వారాలు అలాగే చేశాం. చేపలు పట్టించుకోనే లేదు.

మూడో వారం ఆవిడ ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా గుంటూరు వెళ్లారు. "నేనొచ్చేదాకా చెయ్యి పెట్టకమ్మా" అన్నారు. పెట్టాను. ఆవిడ వచ్చేసరికి పని పూర్తయి ఉంటే మెచ్చుకుంటారనుకున్నాను. మూలనున్న డబ్బాల్లో వారం రోజులుగా మూతపెట్టి ఉన్న ఇసకను రెండు చెంబుల నీళ్లతో కడిగాననిపించి, మధ్యాహ్నం ఒక్క పూటలో మొత్తం పోసేశాను. నీళ్లు బియ్యం కడుగులా అయ్యాయి. సాయంత్రానికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సముద్రపు పువ్వు ముడుచుకుపోయింది. మర్నాడు సలోమి గారు వచ్చేసరికి నాలుగు చేపలు చచ్చి తేలుతున్నాయి. ఆ పువ్వు రాయిని వదిలేసి జారిపోయింది. మూడేళ్లుగా రోజూ తన చేత్తో మేత పెట్టిన ప్రాణిని ఆవిడ చెంచాతో తీసి, తడి గుడ్డ మీద పెట్టారు.

అప్పుడే ప్రిన్సిపాల్ గారు వచ్చారు. "ఎవరు చేశారిది?" అని అడిగారు.

నా తరఫున ఆవిడే ఏదో చెబుతారనుకున్నాను. చెప్పలేదు. నన్ను పట్టివ్వనూ లేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ ఊరుకున్నారు.

"నేనేనండీ. మేడం వద్దన్నా నేనే పోశాను" అన్నాను.

సలోమి గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "విన్నారుగా. సరిచేసేది కూడా తనేనండీ. మీరిచ్చిన గడువు ఇంకా ఉంది" అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్లిపోయారు.

ఆ వేసవంతా తొట్టి నాది. బతికిన జీవుల్ని ఒక బేసినులోకి మార్చి, నేను పోసిన ఇసకను గొట్టంతో లాగేసి, సగం నీళ్లు మార్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఉప్పు ఎక్కువైపోకుండా, ఎండకు ఆవిరైనంత మేరకు మాత్రం మంచినీళ్లు కలిపేదాన్ని. సలోమి గారు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. అడిగితే చెప్పేవారు, చెయ్యి మాత్రం పెట్టలేదు. ఒకరోజు నా ఓర్పు నశించి, "నామీద మీకు కోపం లేదా మేడం?" అన్నాను.

"ఎందుకు లేదు? బోలెడుంది" అన్నారు ఆవిడ. "కోపం తగ్గేదాకా నిన్ను పని నుంచి తప్పిస్తే, నీకు పనీ రాదు, నాకు కోపమూ పోదు."

జూన్‌లో గాజు పక్కనుంచి చూస్తే ఇసకలో పురుగులు చేసుకున్న సన్నటి దారులు కనిపించాయి. అడుగున నల్లటి పొర కట్టింది. దాన్ని ఎవరం కదపలేదు. నీళ్లు తేటగా నిలిచాయి. కాలేజీ తెరిచిన రోజు ప్రిన్సిపాల్ గారు కొంగు ముక్కుకు పట్టుకునే వచ్చి, కాసేపటికి వదిలేసి, తొట్టి మీదికి వంగి శంఖంలోంచి తొంగిచూస్తున్న పీతను చూశారు. "దీనికేం పెడతారు?" అని నన్నే అడిగారు.

సలోమి గారు రిటైరై వెళ్లిపోయాక, తర్వాతి రోజుల్లో హెడ్డు కుర్చీలో నేనూ చాలా ఏళ్లు కూర్చున్నాను. నా దగ్గరా గాజు పాత్రలు పగిలాయి, స్లైడ్లు పాడయ్యాయి, ఒకసారి ఒక అమ్మాయి ఏడాది పాటు పెంచిన కప్పలన్నీ ఒక్క పూటలో పోయాయి. "ఎవరు చేశారు?" అని నేనెన్నడూ అడగలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండమ్మా" అని ఊరుకునేదాన్ని. ఒక్కోసారి చాలాసేపు ఊరుకోవలసి వచ్చేది. చివరికి ఎవరో ఒకరు, "నేనే మేడం" అంటూ మొదలుపెట్టేవారు.