లోపం మా అబ్బాయిదండి

సామర్లకోట నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసేసరికి మేమింకా కొట్టు తెరవలేదు. ఫోనున్న పక్క షాపాయన కేకేస్తే మా ఆయన వెళ్ళి మాట్లాడి వచ్చారు. గుమ్మంలో నిలబడి, "అమ్మ పోయిందట" అన్నారు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడగడానికి లేచి, అలాగే కూలబడిపోయారట మా అత్తగారు. ఎంగిలి గ్లాసు ఒకరిచేత కడిగించుకునే మనిషి కాదు లెండి. నిజం చెప్పాలంటే నాకు ముందు దుఃఖం రాలేదు, కోపం వచ్చింది. కూతుర్ని చూసి నాలుగు రోజుల్లో వచ్చేస్తానని బస్సెక్కిన మనిషి ఇలా మాట తప్పడమేమిటని. ఏడుపు తర్వాత వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది.

మీలో చాలామందికి ఆవిడ తెలియరు. పాలకొల్లులో పురుగుమందులు కొన్న రైతులకి మాత్రం బాగా తెలుసు. మా గోదావరి జిల్లాల్లో అండి అనకుండా ఎవరూ మాట్లాడరు గానీ, ఆవిడ తిట్టేటప్పుడు కూడా అండి వదిలేవారు కాదు. "మీకు బుద్ధుందాండీ? లేకపోతే ఎక్కడైనా తాకట్టు పెట్టేరాండీ?" అని అడిగేవారు. తిట్లు తిన్నవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవారు. ఇంటికెళ్ళాక గాని వాళ్ళకి మంట తెలిసేది కాదు. కూరలో ఉప్పెక్కువైతే నన్నేమీ అనేవారు కాదు. "ఇవాళ సముద్రం మనింటికే వచ్చిందమ్మాయ్" అని మజ్జిగ ఇంకో గరిటె పోసుకునేవారు. 

మాది వ్యాపారస్తుల కుటుంబం. వీధివైపు కొట్టు, వెనక ఇల్లు. మామగారు పోయాక కొట్టు మా ఆయన చేతికొచ్చింది. విత్తనాలూ, పురుగుమందులూ అమ్మేవాళ్ళం. కొత్త వరి వంగడాలు దిగిన రోజులవి. వాటి వెనకే వరి దుబ్బుల రసం పీల్చేసే సుడిదోమ దిగింది. చేలకి చేలు ఎండిపోతుంటే రైతులు మా కొట్టు ముందు సినిమా హాలు దగ్గర నిలబడ్డట్టు నిలబడేవారు. పొడిమందు గోనెసంచుల్లో వచ్చేది. మా ఆయన చొక్కా చేతులు మడిచి, ఆ పొడిని ఉత్త చేతులతో తీసి తూచి, పొట్లాలు కట్టి ఇచ్చేవారు. భోజనానికి లేచినప్పుడు చేతులు కడుక్కునేవారు గానీ, ఆ వాసన సబ్బుకి లొంగే వాసన కాదు. అన్నంలో ఉండేది, దిండు మీద ఉండేది. పెళ్ళైన కొత్తలో మా ఆయన వాసనే అదనుకున్నాను.

పెళ్ళై ఏళ్ళు గడిచాయి, నా కడుపు పండలేదు. అందరూ నా వైపే చూశారు. నన్ను క్షీరారామం గుడిలో ప్రదక్షిణలు చేయించారు, నాటుమందులు మింగించారు, ముగ్గురు లేడీ డాక్టర్లకి చూపించారు. ముగ్గురూ బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే పిల్లలేరీ అని అడిగారు చుట్టాలు. చివరికి మా పెదమామగారు, అంటే మా అత్తగారికి బావగారు, జంగారెడ్డిగూడెంలో ఒక పొగాకు వ్యాపారి కూతురుందని, మా ఆయనకి రెండో పెళ్ళి చేద్దామని కబురు తెచ్చారు. నన్ను పంపేయరట. ఇంట్లోనే ఉండనిస్తారట. ఆ మాట ఆయన నా ఎదుటే అన్నారు, నేను విని సంతోషించాలన్నట్టుగా. పుట్టింటికి పోదామంటే అక్కడ అన్నా వదినలున్నారు. ఆ ఇల్లు తప్ప నాకు ఇంకో ఇల్లు లేదు. మా అత్తగారు, "ఆలోచిద్దాం బావగారూ" అని మాత్రం అన్నారు. ఆ ఒక్కమాటతో ఆవిడా ఒప్పుకున్నట్టే అనుకున్నాను. 

ఆ వారంలోనే ఒక రైతు కొట్టు మీదికి దెబ్బలాటకి వచ్చాడు. మా దగ్గర కొన్న విత్తనం మొలవలేదట. మా ఆయన అలవాటుగా, "మీ నేల ఎలాటిదో చూసుకున్నారాండీ?" అన్నారు. 

"నేలనంటారేంటండీ? మా తాతల్నాటి నించీ పండుతున్న నేలండి అది. గుప్పెడు గింజలు తడిగుడ్డలో మూటగట్టి మొలకొస్తందో లేదో చూడకుండా ఎవడైనా అమ్ముతాడాండీ? ముందు మీ గింజ చూసుకోండి!" అని అరిచాడాయన.

లోపల మేమిద్దరం బియ్యం ఏరుతున్నాం. మా అత్తగారి చెయ్యి చేటలో ఆగిపోయింది. నా మొహంలోకి చూశారు. "అమ్మాయ్, ఆ రైతు చెప్పింది విన్నావా?" అన్నారు. విన్నానన్నాను. "మూడేళ్ళుగా నేలని దున్నించేస్తన్నాం గాని, గింజ సంగతి ఒక్కళ్ళం అడగలేదే" అన్నారు. నాకు సిగ్గేసి తల దించుకున్నాను. ఆవిడ మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. 

కొడుకుని అడిగితే రాడని ఆవిడకి తెలుసు. అందుకని మోకాళ్ళ నొప్పులన్నారు. రాజమండ్రిలో పెద్ద డాక్టరున్నారట, తీసుకెళ్ళరా అన్నారు. తోడుకి నన్ను రమ్మన్నారు. బస్సు దిగింది మొదలు ఆ మోకాళ్ళతో మా ఇద్దరికంటే ముందు నడిచారు. డాక్టరుగారి గదిలో కూర్చున్నాక, "చూడాల్సింది నన్ను కాదండి, వీణ్ణి" అని కొడుకుని చూపించారు. మా ఆయన మొహం చూడాలి! లేచి పారిపోదామంటే గుమ్మానికి అడ్డంగా తల్లి కుర్చీ.

డాక్టరుగారు విషయం విని, కాగితం తీసుకుని, మామూలుగా అడిగే ప్రశ్నలు మొదలుపెట్టారు. జవాబులన్నీ తల్లివే. 

"మందు అలవాటుందా?" అని అడిగారు డాక్టరుగారు.

"ఆయ్, ఉందండి. వాళ్ళ నాన్నగారి కాలం నించీ ఉంది."

"రోజూనా?"

"పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని మొదలెడతాడండి. మళ్ళీ భోజనానికే లేవడం." 

డాక్టరుగారు కళ్ళద్దాలు తీశారు. "రోజుకి ఎంతవుతుంది?"

"ఎంతని చెప్పమంటారండీ? సుడిదోమ పడ్డప్పుడైతే డ్రమ్ములు ఖాళీ అయిపోయేవి. ఈ పిల్లకీ నాకూ కూడా చేతినిండా అదే పని."

"అమ్మా! ఆయన అడిగేది తాగే మందు!" అన్నారు మా ఆయన. ఆ గదిలో ఆయన మొదటిసారి నోరెత్తింది అప్పుడే.

"శివ శివ! కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా ముట్టమండి మేము. మాది పురుగుమందుల కొట్టండి!" అని మా అత్తగారు చెంపలు వేసుకున్నారు. డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. నేనూ కొంగు అడ్డం పెట్టుకున్నాను. అయితే ఆయన నవ్వు మధ్యలో ఆగిపోయింది. "పొడిమందు చేత్తోనే తీస్తారా? రోజంతా ఆ గదిలోనే కూర్చుంటారా? ఎన్నాళ్ళ నుంచి?" అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. తాగే మందైతే అలవాటు మానమని చెప్పి పంపేసేవారేమో. మా అత్తగారు మాట పొరబడబట్టి మా కొట్టు సంగతి బయటికొచ్చింది.

పరీక్ష చేశారు. బీజకణాలు తక్కువగా ఉన్నాయన్నారు, ఉన్నవాటిలో చురుగ్గా కదిలేవి ఇంకా తక్కువన్నారు. ఆ రోజు డాక్టరుగారు చెప్పింది నాకు బాగా గుర్తుంది. మగవాడి ఒంట్లో బీజం తయారవ్వాలంటే హార్మోన్లని కొన్ని లోపలి నుంచి ఆజ్ఞలిస్తుంటాయట. ఈ మందుల్లో కొన్ని ఒంట్లో చేరి ఆ హార్మోన్ల మాదిరే నటిస్తాయేమో, లేదా వాటి పనికి అడ్డం పడతాయేమోనని అనుమానమట. ఈ పొడి జాతి మందు ఒకటి కోడిపుంజులకి పెట్టి చూస్తే అవి పుంజుల్లా ఎదగలేదని ఎప్పుడో చదివారట. "అలాగని మీవాడికి దీనివల్లే వచ్చిందని నేను చెప్పలేనమ్మా. ఇంకా వంద కారణాలుండొచ్చు. కొత్త బీజం తయారవ్వడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. అన్నాళ్ళూ మందులకి దూరంగా ఉంచి చూద్దాం. మారొచ్చు, మారకపోవచ్చు" అన్నారు. 

"అంటే యజమాని గొంతు అనుకరించి ఎవడో కేకేస్తే, గుమాస్తాలు నమ్మేసి పని చెడగొట్టినట్టన్నమాట" అన్నారు మా అత్తగారు. అలాంటిదేనన్నారు డాక్టరుగారు. 

మా ఆయన తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి మొహం తిప్పలేదు. ఇంటికొచ్చి అన్నం వద్దన్నారు. "జొరం వస్తే సిగ్గుపడతావేంట్రా? ఇదీ అంతే. లే, తిను" అని మా అత్తగారే కలిపి ముద్దలు పెట్టారు. అంత మనిషికి! తెల్లారాక కొడుకుని రాజమండ్రిలో తన తమ్ముడి బట్టల కొట్టుకి పంపేసి, మా కొట్లో తను కూర్చున్నారు. భర్త పోయిన మనిషి వీధికొట్లో కూర్చోవడమేమిటని బజారంతా చెవులు కొరుక్కుంది. నన్ను మాత్రం లోపలి గడప దాటి కొట్లోకి రానివ్వలేదు. "మీకు మాత్రం మంచిదా అత్తయ్యగారూ?" అంటే, "నాకింకేం పిల్లలు పుట్టాలే!" అని కొట్టిపారేశారు. చేతులకి గుడ్డసంచులు తొడుక్కుని, ముక్కుకి తుండు కట్టుకుని, వెనక తలుపు తెరిపించి గాలి ఆడేలా చేసి మరీ కూర్చునేవారు.

మందు కొట్టే కూలీలు వస్తే వాళ్ళనీ వదిలేవారు కాదు. "పెళ్ళయిందాండీ? మూతికి గుడ్డేదండీ? గాలికి ఎదురు నిలబడి కొడతారాండీ?" అని నిలదీసేవారు. వాళ్ళు లెక్కచేసేవారు కాదు. అప్పుడు కోడిపుంజు కథ తీసేవారు. డాక్టరుగారు చెప్పిన దానికి ఆవిడ చేతిలో రెక్కలొచ్చాయి. "ఈ పొడి తిన్న పుంజు పెట్టయి కూర్చుందటండి. బరిలో దింపితే గుడ్డు పెట్టిందటండి" అనేవారు. విషం, రోగం అంటే నవ్వేసే మనుషులు పుంజు మాట వినేసరికి తలగుడ్డ విప్పి మూతికి కట్టేవారు. అందులో అబద్ధం పాలు ఎక్కువ కదా అంటే, "నిజం చెప్తే కట్టుకున్నారేంటమ్మాయ్?" అనేవారు. దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో నాకు తెలియదు. జరిగిందనే అనుకోవాలని ఉంది.

మా ఆయన ఇంకా రాజమండ్రిలో ఉండగానే పెదమామగారి మనవడి బారసాల వచ్చింది. ముత్తైదువులు ఒక్కొక్కరే ఉయ్యాల ఊపుతున్నారు. నా వంతు వచ్చేసరికి పెద్దత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, "నువ్వు తరవాత వద్దువుగానిలే అమ్మా" అన్నారు. తరవాత అంటే ఎప్పటికీ కాదని అక్కడున్న అందరికీ తెలుసు. మా అత్తగారు శుభకార్యాల్లో అలవాటుగా నిలబడేచోట, వంటింటి గుమ్మం వెనక నిలబడి ఉన్నారు. అక్కణ్ణించే గొంతెత్తారు.

"ఆ పిల్లనెందుకాపుతారు అక్కయ్యగారూ? దానికేం లోపం లేదు. లోపం మా అబ్బాయిదండి. రాజమండ్రిలో పరీక్ష చేయించేను. ఆపితే వాణ్ణాపండి."

పాట పాడుతున్నవాళ్ళు ఆపేశారు. పెదమామగారు ఎర్రబడిపోయి, "మగాడి మీద అలాంటి మాటా? ఇంటి పరువేం కావాలి?" అన్నారు. 

"పరువు కోసం ఇంకో ఆడపిల్లని తెచ్చి ఉసురు పోసుకోమంటారా బావగారూ? దానికీ పుట్టకపోతే మూడోదాన్ని వెతుకుతారా?" అన్నారు మా అత్తగారు. బావగారి ఎదుట కూర్చోవడానికే జంకే మనిషి ఆవిడ. నాతో, "వెళ్ళమ్మాయ్, ఊపు" అన్నారు. ఊపాను. ఉయ్యాల కొంచెం అటూ ఇటూ పోయింది గానీ, పసివాడు నిద్ర లేవలేదు. జంగారెడ్డిగూడెం సంబంధం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ మాట రాజమండ్రి చేరింది. మా ఆయన తల్లితో చాలా రోజులు మాట్లాడలేదు. "కోపం చల్లారుతుందిలే అమ్మాయ్. ఇంట్లోకొచ్చిన రెండో పెళ్ళాం చల్లారదు" అనేవారావిడ. గడువయ్యాక మళ్ళీ పరీక్ష చేస్తే కాస్త మెరుగన్నారు. ఆ కాస్తా మాకు చాలలేదు. మాకు పిల్లలు కలగలేదు. మా ఆయన కొట్టుకి తిరిగొచ్చినా మందుల బీరువా తాళం ఆవిడ నడుముకే ఉండేది, విడి పొడి అమ్మడం మానేశాం. ఇన్నేళ్ళలో ఏ చుట్టం నన్ను పిల్లల సంగతి అడిగినా, నేను నోరు తెరిచేలోపు ఆవిడ జవాబు ఎక్కడి నుంచో వచ్చి పడేది. మా ఆయన అక్కడుంటే లేచి వెళ్ళిపోయేవారు. తల్లి నోట తప్ప ఆ మాట మా ఇంట్లో ఇంకెవరి నోటా వినలేదు.

పెద్దకర్మ నాడు బంధువులంతా వచ్చారు. భోజనాల పంక్తిలో, ఎప్పుడో గాని మా ఇంటికి రాని ఒక పిన్నిగారు నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకున్నారు. "ఇంత ఇల్లు, ఇంత కొట్టు. నీకింకా ఏమీ లేనట్టేనా అమ్మా? ఎక్కడైనా చూపించుకున్నావా?" అని గట్టిగా అడిగారు. అలవాటుకొద్దీ వంటింటి గుమ్మం వైపు చూశాను. అక్కణ్ణించి ఏ గొంతూ రాలేదు. ఆవిడ లేరన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

మా ఆయన గుండుతో, తడిపంచెతో, వద్దన్నా వినకుండా పంక్తిలో మంచినీళ్ళు పోస్తున్నారు. లేచి వెళ్ళిపోలేదు. మా దగ్గరికొచ్చి వంగి పిన్నిగారి గ్లాసులోకి చెంబు వంచారు.

"మా ఆవిడకేం లోపం లేదండి పిన్నిగారూ. నావల్లే" అన్నారు.

గ్లాసు నిండింది. ఆయన చెంబు ఎత్తలేదు. నీళ్ళు అంచు దాటి, విస్తరి కిందుగా పారి, పిన్నిగారి చీర కుచ్చెళ్ళు తడుపుతున్నాయి. ఆవిడ చీర వెనక్కి తీసుకోకుండా, చేతిలో ముద్దతో ఆయన మొహంలోకి చూస్తూ కూర్చుండిపోయారు.