బావ అమ్మిన వాటా

మా అక్క మొగుడిది కళ్ళజోళ్ళ దుకాణం. రోజంతా జనం చూపు సరిచేసే ఆ మనిషి చూపు మాత్రం ఎప్పుడూ పక్కవాడి గోడల మీదే. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చోకముందే పైకప్పు మూలలు చూసి, ఇల్లు ఎంత పలుకుతుందో చెప్పేవాడు. పరామర్శకు వెళ్ళిన ఇంట్లో కూడా చెప్పాడు. మావాళ్ళు విసిగిపోయి "చదరపడుగుల బావ" అని పేరు పెడితే, అదేదో బిరుదనుకుని మురిసిపోయాడు.

దుకాణం వెనక వీధిలో ఒక పాత నాలుగంతస్తుల భవనం అమ్మకానికి వచ్చింది. దాన్ని గదులుగా విడగొట్టి అద్దెకివ్వాలని బావ ఆలోచన. ఒక్కడే దిగే ధైర్యం లేదు. పళ్ళ డాక్టరునీ, స్కూలు బస్సు నడిపే సొంత తమ్ముణ్ణీ కలుపుకున్నాడు.

కాగితాలు రాసుకునే రోజు డాక్టరు అడిగాడు. "లాభం మూడు వాటాలని రాశారు. మరి నష్టం మాటేమిటి?"

"నోరు తెరవగానే పుచ్చుపన్ను వెతకడం మీకు అలవాటైపోయిందండీ," అన్నాడు బావ. "రిస్కు ముగ్గురి మీద పడితే ఎవరికీ బరువు తెలీదు."

తమ్ముడు నవ్వి సంతకం పెట్టాడు. అన్నయ్య చెప్పాడంటే అతనికి ఇంక తిరుగులేదు.

పనులు మొదలయ్యాక నేలమాళిగలో నీరు ఊరుతోందని ఇంజినీరును పిలిచారు. ఆ రోజు అక్కడ ఉన్నది బావ ఒక్కడే. ఇంజినీరు ఒక స్తంభం గీకి, పొడిపొడిగా రాలుతున్న ఇనుము చూపించాడు.

"చువ్వలన్నీ తుప్పు తినేసిందండీ. బాగుచేయాలంటే మీరు కొన్నంత అవుతుంది. ఈలోగా ఎవర్నీ దించకండి."

బావ పైకి వచ్చి బూట్ల బురద తుడుచుకున్నాడు. ఆ ఆదివారమే నన్నూ అక్కనూ వెంటబెట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్ళాడు.

"నాకు పిల్లా జెల్లా లేరు. నీకిద్దరున్నారు. నా వాటా కూడా నువ్వే తీసుకోరా. బయటివాళ్ళు ఎక్కువే ఇస్తామంటున్నారు. నువ్వైతే, నేను పెట్టినదాని మీద కాస్త వేసివ్వు, చాలు."

తమ్ముడి కళ్ళు చెమ్మగిల్లాయి. అక్క గర్వంగా మొగుడి వైపు చూసింది. ఆమె అలా చూడటం నేనెప్పుడూ ఎరగను. తమ్ముడు తానుంటున్న ఇల్లు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చిచ్చాడు. బావ ఆ "కాస్త" కూడా వదల్లేదు.

అద్దెకు ఒక్క మనిషీ దిగకముందే భవనం ప్రమాదకరమని పురపాలక సంఘం తలుపుకు నోటీసు అంటించింది. తమ్ముడు కంగారుగా ఇంజినీరు దగ్గరికి పరుగెత్తాడు.

"మీ అన్నయ్యగారికి అప్పుడే చెప్పానుగా," అన్నాడు ఇంజినీరు.

తమ్ముడు డ్రైవరు దుస్తుల్లోనే దుకాణానికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. బావ ఒక ముసలావిడకు కళ్ళద్దాలు మార్చి మార్చి పెడుతున్నాడు.

"అన్నయ్యా, నీకు ముందే తెలుసా?"

"కొనేముందు చూసుకోవాల్సింది నువ్వురా. వ్యాపారమన్నాక అంతే."

"స్తంభాల్ని చూసుకోవాలని తెలుసు. నిన్ను కూడా చూసుకోవాలని తెలీలేదు."

ఆ మాట అని తమ్ముడు వెళ్ళిపోయాడు. బావ మరో అద్దం మార్చి పెట్టి, "ఇప్పుడు కనబడుతోందా అమ్మా?" అని ముసలావిడను అడిగాడు.

భవనం కూల్చి, వచ్చిన ధరకు స్థలం అమ్మేశారు. డాక్టరు తట్టుకున్నాడు. తమ్ముడి ఇల్లు పోయింది. పగలు బస్సు, సాయంత్రం సరుకుల వ్యాను నడుపుతూ ఒక ఇరుకు అద్దెకొంపలో ఉంటున్నాడు. బావ మాత్రం చేతికొచ్చిన సొమ్ముతో పెద్ద ఫ్లాటు కొన్నాడు. అక్క అందులో అడుగు పెట్టలేదు. దుకాణం మీది పాత గదుల్లోనే ఉండిపోయింది. సెలవు రోజుల్లో మరిది పిల్లలకు చదువు చెప్పి వస్తోంది.

పోయిన నెల బావ నన్ను ఫ్లాటుకు పిలిచాడు. ఊరి చివర స్థలం ఏదో చూశాడట.

"సగం సగం వేసుకుందాం. నష్టం నీదాకా రానివ్వను. నువ్వేమైనా పరాయివాడివా?"

"పరాయివాణ్ణయితే ఆలోచించేవాణ్ణి బావా," అన్నాను.

ఆయనకు ఎక్కలేదు. బల్ల మీద ప్లాను పరిచి, రోడ్డు ఏ వైపు వస్తుందో వేలితో చూపిస్తూనే ఉన్నాడు. నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగాను.