బియ్యం డ్రమ్ములో వెలిగిన బాణాలు

తెలివితక్కువ పనులు రెండు రకాలు. తెలియక చేసేవి మొదటి రకం. వాటికి కాస్త జాలి దొరుకుతుంది. అన్నీ తెలిసి, ఆలోచించి, కొలతలు వేసుకుని, పద్ధతి ప్రకారం చేసేవి రెండో రకం. వాటికి నవ్వు తప్ప ఏమీ దొరకదు. నేను చెప్పబోయేది రెండో రకం. దీనివల్ల నా పెళ్ళి ఆగిపోయేంత పనైంది, మా కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, తన బావమరిది ముందు తలెత్తుకోలేకపోయాడు, నా గదిలోవాళ్ళు అన్నం మానేసి రొట్టెలతో సరిపెట్టుకున్నారు. ఇంతా చేసింది ఒక్క బొటనవేలు. అది ఇప్పటికీ నా కుడిచేతికే ఉంది.

అప్పుడు నేను బహ్రెయిన్‌లో, తుబ్లీలోని ఒక వర్క్‌షాపులో పనిచేసేవాణ్ణి. పడవల్లో వాడే రేడియోలు, చేపల జాడ చూపే యంత్రాలు బాగుచేయడం నా పని. చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. కాకినాడలో దాన్ని డిప్లొమా అనేవారు, బహ్రెయిన్‌లో దిగిన మర్నాటి నుంచి ఇంజినీరన్నారు. నేను కాదనలేదు. ఆ వయసులో నా జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు, నాలుక మీద ఎప్పుడూ 'టెక్నికల్‌గా చూస్తే' అన్న మాట ఉండేవి. రెండూ ఎదుటివాళ్ళని గుచ్చడానికే పనికొచ్చేవి.

మా కఫీల్‌ని అందరూ అబూ యూసుఫ్ అనేవారు. మంచి మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి క్రాస్‌బో. అంటే తుపాకీలా భుజానికి ఆనించి, మీట నొక్కితే బాణం వదిలే విల్లు. ఊరికి దూరంగా, ఎడారిలో ఆయనకి కంచె వేసిన తోట ఉంది. ఎండ తగ్గాక అక్కడ గురిపెట్టి కొట్టేవాడు. చిక్కల్లా ఒకటే. గురి తప్పిన బాణం ఇసుకలో దూరితే, ఆ మసక వెలుతురులో మళ్ళీ కనబడేది కాదు. ఆయన గురి తరచుగా తప్పేది.

ఆ బాణాలు వెతకలేక విసిగిపోయి ఒకరోజు వర్క్‌షాపులో కూర్చుని వాపోతుంటే, నా జేబులోని స్క్రూడ్రైవరు దానంతటదే బయటికొచ్చింది.

బాణం తోక దగ్గర, వింటినారి ఆనే చోట, చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని నాక్ అంటారు. రాత్రిపూట చేపలు పట్టేవాళ్ళు గాలం బెండుకి పెట్టుకునే చిన్న ఎర్రదీపం, దాని సన్నటి పుల్లలాంటి బ్యాటరీ మా పక్క దుకాణంలోనే దొరికేవి. వాటిని వేలి కణుపంత గొట్టంలో పెట్టి, చివర నాక్ బిగించాను. నా ప్రతిభ అంతా స్విచ్చిలో ఉంది. నాక్‌కీ బ్యాటరీకీ మధ్య వెంట్రుకంత ఖాళీ వదిలాను. మీట నొక్కగానే నారి వెనకనుంచి నాక్‌ని ఒక్క తోపు తోస్తుంది, ఖాళీ మూసుకుంటుంది, దీపం వెలుగుతుంది. ఆర్పాలంటే గోటితో వెనక్కి లాగాలి. ఈ వాక్యాలు గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మొదటి బాణం మునిమాపు చీకట్లో ఎర్రటి మిణుగురులా దూసుకెళ్ళింది. గురి తప్పింది గానీ ఎక్కడ పడిందో బహ్రెయిన్ అంతటికీ కనబడింది. అబూ యూసుఫ్ నన్ను కౌగలించుకున్నాడు. అదే అదనని నా సెలవు మాట ఎత్తాను. ఇంటి దగ్గర నాకు పెళ్ళి కుదిరింది, ముహూర్తం పెట్టేశారు. మా వీధి ఎస్‌టీడీ బూతుకి ఫోన్ చేసినప్పుడల్లా మా నాన్న అడిగేది ఒకటే, "టిక్కెట్టు తీశావా లేదా?" అని. టిక్కెట్టు కంటే ముందు పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టు అబూ యూసుఫ్ బీరువాలో ఉంది. వర్క్‌షాపులో పని ఎక్కువగా ఉందని ఆయన అప్పటికి నెలరోజులుగా 'చూద్దాం' అంటున్నాడు.

ఆయన మాట సగం అరబ్బీ, సగం హిందీ. తెలుగులో పెడితే ఇలా ఉంటుంది. "గురువారం మా బావమరిది వస్తున్నాడు. నా విల్లుని చూసి ఎప్పుడూ నవ్వుతాడు. బాణాలన్నిటికీ దీపాలు పెట్టు. వాడి నోరు మూయించు. ఖలాస్, పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళు."

అన్నిటికీ చేశాను. మూడు రోజుల ముందే పూర్తిచేశాను. ముందే పూర్తిచేయడం నాకున్న జబ్బు. ఇక గురువారం దాకా వాటిని దాచాలి.

బహ్రెయిన్‌లో ఆగస్టు గాలి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి చెప్పాలి. అది గాలి కాదు, వేడి చేసిన సముద్రం. చొక్కా ఆరేస్తే ఇంకాస్త తడిసి వస్తుంది. సొరుగులో పెట్టిన మొదటి నాక్‌కి రాత్రికి రాత్రే పచ్చటి చిలుం పట్టింది. పొడిగా ఉండే చోటు కావాలి. మా అమ్మ ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసేది, ఉప్పు చెమ్మగిల్లకుండా. నాలుగు గింజలే అంత పని చేస్తే, బస్తాడు గింజలు ఎంత చేస్తాయి? టెక్నికల్‌గా చూస్తే, అద్భుతం.

నయీమ్‌లో మేం ముగ్గురం ఉండే గదికి ఆనుకుని ఎండ బాగా పడే వంటిల్లు, అందులో మూతున్న పెద్ద బియ్యం డ్రమ్ము. సోమవారం పట్టపగలు, డ్యూటీకి బయల్దేరేముందు, నాక్‌లన్నిటినీ బియ్యంలో వరసగా నాటాను. తీసేటప్పుడు పట్టు దొరకాలని తోకలు పైకి ఉంచాను. ఒక్కొక్కదాన్ని బొటనవేలితో వెనకనుంచి నొక్కి లోపలికి దింపాను. నొక్కినప్పుడల్లా 'టిక్' మని చిన్న చప్పుడొచ్చింది. గింజలు సర్దుకుంటున్నాయనుకున్నాను. పైన మరో గుప్పెడు బియ్యం కప్పి, మూత పెట్టి, నా పనితనానికి నేనే మురిసిపోతూ వెళ్ళాను.

మీలో కొందరికి ఈపాటికే అర్థమై ఉంటుంది. నాకు గురువారం దాకా అర్థం కాలేదు.

మంగళ, బుధ రెండు రోజులూ ఓవర్‌టైం. గదికొచ్చేసరికి అన్నానికి బదులు ఖుబ్బూస్ రొట్టెలు, పప్పు కనబడ్డాయి. వంట చూసేది సత్యంగారు. శ్రీకాకుళం మనిషి, సల్మానియాలో ఒకరింట్లో వంటవాడు, అక్కడ వండి వచ్చి మళ్ళీ మాకు వండేవాడు. అన్నం ఏదండీ అంటే, "పరవానేదు బాబూ, మీ పని అవనీండి" అని నావైపు ఎంతో గౌరవంగా చూశాడు. ఆయన నన్నెప్పుడూ అలా చూడలేదు. ఇంజినీరు విలువ ఇన్నాళ్ళకి తెలిసిందనుకున్నాను.

గురువారం సాయంత్రం డ్రమ్ములోంచి నాక్‌లు తీసి, తళతళలాడుతున్న వాటిని చూసి తృప్తిపడి, డబ్బాలో సర్దుకుని ఖాజా భాయ్ పికప్ ఎక్కాను. ఖాజా భాయ్ మా గదిలో మూడో మనిషి, మా వర్క్‌షాపు డ్రైవరు. కరీంనగర్ వైపువాడు. కొంత దూరం పోయాక చాలా మర్యాదగా అడిగాడు.

"తమ్మీ, నీ పూజ మంచిగైందా?"

"ఏ పూజ?"

"అదే, పెండ్లి పూజ. బియ్యంల దీపాలు పెట్టినవ్ గద. మొన్న తెల్లారకముందు ఫజర్ నమాజుకు లేచి బియ్యం తీద్దామని మూత తీస్తె, లోపటంత ఎర్రగ వెలుగుతున్నది. నాకైతె దడ వుట్టింది. సత్యమన్నను లేపి అడిగిన. గోదారోళ్ళ ఆచారం మాకేం తెలుసు, పెండ్లికొడుకు బియ్యం ముట్టొద్దు అన్నడు. గందుకే ముట్టలే."

డబ్బా ఒళ్ళోకి తీసుకున్నాను. ఖాజా భాయ్ ఓదార్పుగా ముగించాడు. "ఇయ్యాల పొద్దుగాల ఒక్కొక్కటే మలిగినయ్. పూజ ముగిసిందనుకున్న."

డబ్బా తెరిచాను. ఒకటి నొక్కాను. లేదు. ఇంకోటి నొక్కాను. లేదు. చివరిది మాత్రం ఆరిపోయే బీడీలా ఒక్కసారి ఎర్రబడి, నన్ను గుర్తుపట్టినట్టు చూసి, పోయింది. వెనకనుంచి నొక్కితే వెలిగే స్విచ్చి కనిపెట్టినవాణ్ణి నేనే. ప్రతిదాన్నీ వెనకనుంచి నొక్కినవాణ్ణీ నేనే. పట్టపగటి ఎండలో ఆ వెలుగు నా కంటికి ఆనలేదు. బియ్యం వాటిని బ్రహ్మాండంగా కాపాడింది. ఒక్కదానికీ చిలుం పట్టలేదు.

బండి అప్పటికే తోట గేటు దాటింది. నా ముందున్న దారులు మూడు: నిజం చెప్పడం, కడుపునొప్పి తెచ్చుకోవడం, ఖాజా భాయ్‌ని బండి తిప్పమనడం. బాగా ఆలోచించి నాలుగోది ఎంచుకున్నాను. నోరు మూసుకున్నాను.

బావమరిది కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని ఉన్నాడు. అబూ యూసుఫ్ నన్ను ఆయనకి చూపించి "నా ఇంజినీరు" అన్నాడు. ఇంకా వెలుతురుంది, కాసేపాగుదాం సార్ అన్నాను. ఆగాడు. ఇంకాస్త అన్నాను. ఆగాడు. చీకటి పడ్డాక నాక్‌లు బాణాలకి బిగించాను, ఇక ఏ సాకూ మిగల్లేదు. ఆయన విల్లు ఎత్తి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాడు. టప్పున నారి చప్పుడైంది. బాణం చీకట్లో కలిసిపోయింది. అంతే.

"మొదటిది సరిగా కూర్చోలేదేమో సార్. రెండోది చూడండి," అన్నాను. రెండోదీ పోయింది. మూడోదీ పోయింది. నేను అన్నాను కదా అని ఆ మంచి మనిషి మొత్తం బాణాలన్నీ ఒకటొకటిగా ఎడారికి సమర్పించాడు. చివరికి బావమరిది గొంతు సవరించుకుని, దీపాలు ఈ రాత్రే వెలుగుతాయా లేక తను రేపు మళ్ళీ రావాలా అని మర్యాదగా అడిగాడు.

అబూ యూసుఫ్ నావైపు తిరిగాడు. "దీపం ఏది?"

ఖాజా భాయ్ ముందుకొచ్చి, అరబ్బీలో, చేతులు తిప్పుతూ, చాలాసేపు చెప్పాడు. నాకు అర్థమైనంతలో ఆయన చెప్పింది ఇదీ: ఈ కుర్రాడికి పెళ్ళి. వాళ్ళ ఆచారంలో పెళ్ళికి ముందు బియ్యంలో దీపాలు వెలిగించాలి. పరదేశంలో ఏం దొరుకుతాయి? ఉన్న దీపాలతోనే చేసుకున్నాడు. భయపడి మీకు చెప్పలేదు.

అబూ యూసుఫ్ ముఖం మెత్తబడింది. బావమరిది కాలు మీది కాలు తీసేశాడు. అబూ యూసుఫ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ముందే చెప్పొచ్చు కదా? పెళ్ళి పెద్ద విషయం. శనివారం వచ్చి పాస్‌పోర్టు తీసుకో."

చూశారా? అంతా అయిపోయింది. నేను చెయ్యాల్సిందల్లా తల వంచుకుని నిలబడటం. స్తంభం కూడా చెయ్యగలిగిన పని. కానీ స్తంభానికి డిప్లొమా ఉండదు.

"కాదు సార్," అన్నాను. "అలాంటి ఆచారం లేదు. టెక్నికల్‌గా చూస్తే..."

ఖాజా భాయ్ నా కాలు తొక్కాడు. కాలు పక్కకి జరుపుకుని, ఇసుకలో పుల్లతో స్విచ్చి బొమ్మ గీసి, వెంట్రుకంత ఖాళీని పెద్దది చేసి చూపించి, నా బొటనవేలు ఎటునుంచి ఎటు నొక్కిందో బాణం గుర్తులతో సహా వివరించాను. ముందు బావమరిదికి అర్థమైంది. ఆయన నవ్విన నవ్వుకి కుర్చీ వెనక్కి ఒరిగింది, ఆయన దానితోపాటు ఒరిగాడు, పడ్డచోటే నవ్వాడు. అబూ యూసుఫ్ నవ్వలేదు.

"బాణాలన్నీ దొరకాలి," అన్నాడు. "అన్నీ. అప్పుడే పాస్‌పోర్టు."

మర్నాడు శుక్రవారం, సెలవు. ఎండ ముదరకముందే ముగ్గురం ఇసుకలో మోకాళ్ళ మీద ఉన్నాం. సత్యంగారు పిండి జల్లెడ తెచ్చాడు. నేను నేలని తాళ్ళతో గళ్ళుగా విడగొట్టాను. బాణాలు మాత్రం గళ్ళని గౌరవించలేదు. జరిగిందంతా విన్నాక సత్యంగారు జల్లెడ ఆపి, నన్ను తేరిపార చూశాడు. మొన్నటి గౌరవం మచ్చుకైనా లేదు.

"ఆయన నమ్మేసినాడు కదా బాబూ. మరి నువ్వెందుకు నోరిప్పినావు?"

"అది నిజం కాదు కదండీ."

"నిజం నిన్నెవుడడిగినాడు?"

జల్లెడ నేనే అందుకుని పక్క గడిలోకి జరిగాను.

ఎండ నెత్తికెక్కేసరికి అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదానికోసం తోటంతా మళ్ళీ జల్లించాం. లేదు. నా ముహూర్తం ఆ బాణం మొనమీద నిలబడి ఉంది. ఖాజా భాయ్ చెమట తుడుచుకుంటూ "నడు తమ్మీ, పానం పొయ్యేటట్టున్నది, రేపు అడిగి సూద్దాం," అన్నాడు. నీరసంగా బండెక్కాం. బండి రెండు బారలు వెనక్కి వెళ్ళిందో లేదో, కింద బుస్సుమని చప్పుడైంది. ఖాజా భాయ్ దిగి చూసి, రెండు చేతులూ నడుముకి పెట్టుకున్నాడు. వెనక టైరులో, తోక దాకా దిగి ఉంది బాణం.

టైరు పంచరైతే ఆనందంతో గెంతిన మనిషి ఆరోజు బహ్రెయిన్‌లో నేనొక్కణ్ణే. ఖాజా భాయ్ నోట అంతకుముందెప్పుడూ రాని తిట్లు కొన్ని విన్నాను. చక్రం నేనే మార్చాను.

శనివారం అబూ యూసుఫ్ బాణాలు లెక్కచూసుకుని, బీరువా తెరిచి, పాస్‌పోర్టు నా చేతికి ఇవ్వబోతూ ఆగాడు.

"మీ పెళ్ళిలో దీపాలుంటాయా?"

"ఉంటాయి సార్. వీధంతా సీరియల్ బల్బులు పెడతారు."

"కరెంటు పని ఎవరిది?"

"ఊళ్ళో మనిషున్నాడు సార్. ఆయనకి అప్పగించారు."

"అల్‌హమ్దులిల్లా, దేవుడి దయ," అని పాస్‌పోర్టు వదిలాడు.

కాబట్టి, ఎడారిని, ఎండని, పంచరైన ఆ టైరుని సాక్షులుగా పెట్టుకుని, పెళ్ళికొడుకుగా బతికి బయటపడిన నేను చేస్తున్న ప్రమాణం ఇది. నేను తయారుచేసిన ఏ వస్తువునైనా దాచే ముందు అది వెలిగి ఉందో ఆరి ఉందో చీకట్లో పెట్టి చూస్తాను. నాకు మేలు జరిగేలా ఎవరైనా పొరపాటు పడితే, వాళ్ళని సరిదిద్దకుండా నోరు మూసుకుంటాను.

వీటిలో మొదటిదాన్ని ఇప్పటిదాకా నిలబెట్టుకున్నాను.